హార్మోనియం వినపడుతోంది, నాయన పద్యం వినపడటం లేదు: పాత వీసీడీ, కొత్త ఫోన్ వీడియో, రెండిటికీ సాయం కావాలి

కందుకూరు పొగాకు రైతు:

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది కందుకూరు పక్కన పల్లె. పొగాకు, శనగ వేస్తాం. ఇంట్లో ఒక పాత అసెంబుల్డ్ కంప్యూటర్ ఉంది. మా పాప ఇంటర్‌లో ఉన్నప్పుడు ఒంగోలులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఐ3 రెండో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, విండోస్ 10, డీవీడీ రైటర్. రెండు చిన్న స్పీకర్లు. కంప్యూటర్ గురించి నాకు తెలిసింది తక్కువ, అందుకే వివరంగా రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి.

మా నాయన పద్య నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవాడు. పగలు పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని, రాత్రి రిహార్సల్. కొండపి, పొన్నలూరు, లింగసముద్రం, ఎక్కడ నాటకం పెట్టినా కబురొచ్చేది. 2003లో శ్రీరామనవమికి మా ఊళ్లో ఆడినప్పుడు చందా వేసుకుని వీడియో తీయించాం. తీసినాయన మూడు వీసీడీలు, అంటే వీడియో సీడీలు, ఇచ్చాడు. అప్పట్లో మా పాత టీవీకి వీసీడీ ప్లేయర్ తగిలించి అరుగు మీద పెడితే ఊరంతా చూశారు. పద్యం గంట కొట్టినట్టు వినపడింది, అది నాకు బాగా గుర్తు. తర్వాత ప్లేయర్ పాడైంది, టీవీ పోయింది, సీడీలు బీరువాలో పట్టుచీరల మధ్య ఉండిపోయాయి.

నాయనకిప్పుడు డెబ్బై ఆరు. పాడే గొంతు పోయింది, మాట కూడా సన్నబడింది. పోయిన నెల ఉన్నట్టుండి, "ఆ సీడీలు ఒకసారి వెయ్యిరా, నా గొంతు ఎట్టా ఉండేదో పాపకు వినిపిద్దాం" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే.

మొదటి సీడీ పెట్టాను. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్లో ఏవీసెక్01 డాట్ డీఏటీ అని ఒక ఫైలు ఉంది. దాన్ని నొక్కితే దేంతో తెరవాలని విండోస్ నన్నే అడిగింది. యూట్యూబ్‌లో చూసి ఒక కోడెక్ ప్యాక్ ఎక్కించాను. ఏమీ మారలేదు. ఇంకోటి ఎక్కించాను. దాని మీద మూడోది. చివరికి కందుకూరులో సెల్ షాపు నుంచి ఎప్పుడో పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్న పాత వీఎల్‌సీ ప్లేయర్‌తో తెరిస్తే బొమ్మ వచ్చింది. హార్మోనియం వచ్చింది, తబలా వచ్చింది, ఈలలు, చప్పట్లు కూడా. పద్యం మాత్రం రాలేదు. నాయన నోరు కదులుతోంది, చెయ్యి తిరుగుతోంది, రాగం తీసేటప్పుడు కిరీటం కొంచెం వెనక్కి వాలుతోంది. గొంతు మాత్రం ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు లీలగా. చెవి స్పీకర్‌కు ఆనిస్తే తప్ప తెలియదు. నాయన రెండు నిమిషాలు చూసి, "నా పద్యమేదిరా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలియక కరెంటు పోయేట్టుందని చెప్పి కట్టేశాను.

రెండోది ఫోన్ వీడియో. బెంగళూరులో ఉండే మా తమ్ముడి కొడుకు వాళ్ల బాబు అన్నప్రాసన ఐఫోన్‌లో తీసి పెన్ డ్రైవ్‌లో పంపాడు. విండోస్‌లో ఉన్న ప్లేయర్‌లో శబ్దం వస్తుంది, బొమ్మ నల్లగా ఉంటుంది. కోడెక్ కొనుక్కోమని చూపిస్తోంది. వీఎల్‌సీలో పెడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది, మాటలు ముందుకు వెళ్లిపోతాయి.

మూడోది, ఆ కోడెక్ ప్యాక్‌లు ఎక్కించినప్పటి నుంచి వీడియోల ఫోల్డర్ తెరిస్తేనే సిస్టం బిగుసుకుపోతోంది. ముందు బాగా ఆడినవి కూడా ఇప్పుడు పచ్చగా వస్తున్నాయి.

నేను కోడెక్ కొనాలా? కొత్త కంప్యూటర్ కొనాలా? అన్నిటికన్నా ముఖ్యం, సీడీలో నాయన గొంతు చెరిగిపోయిందా? చెరిగిపోయి ఉంటే మొహమాటం లేకుండా చెప్పేయండి. నాయనకు ఏదో ఒకటి చెప్పుకుంటాను.

దర్శి కుర్రాడు:

అన్నా, ముందు ఆ మూడు కోడెక్ ప్యాక్‌లు తీసెయ్యి. కంట్రోల్ ప్యానెల్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేసి ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. పాత వీఎల్‌సీ కూడా తీసేసి, వీడియోల్యాన్ డాట్ ఆర్గ్ సైటు నుంచి కొత్తది దించుకో. ఉచితం. 2022లో ఆ సైటు మన దేశంలో కొన్ని నెలలు తెరుచుకోలేదు, అప్పుడు చాలామంది ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకున్నారు. ఆ ఏడాది నవంబరు నుంచి మళ్లీ మామూలుగా తెరుచుకుంటోంది. ఇంకో మాట, సినిమా సైట్లలో "ఈ వీడియో చూడాలంటే ఈ కోడెక్ దించుకోండి" అని వచ్చేవి ఎప్పుడూ నొక్కొద్దు. వైరస్‌లు అట్టా కూడా వస్తాయి. పద్యం సంగతి నాకు తెలియదు, పెద్దవాళ్లు ఎవరన్నా చెప్తారు.

ఒంగోలు పాత మిక్సింగ్ యూనిట్:

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గొంతు చెరిగిపోలేదు. అంత ధైర్యంగా ఎందుకు చెప్తున్నానంటే, సీడీ చెడితే బొమ్మ గళ్లు గళ్లుగా విరుగుతుంది, శబ్దం మొత్తం తెగిపోతుంది. హార్మోనియాన్ని ఉంచి పద్యాన్ని ఒక్కదాన్నే ఏరుకుని చెరిపేసే గీత ఏదీ ఉండదు. నేను పద్నాలుగేళ్లు ఒంగోలులో వీడియో మిక్సింగ్ యూనిట్ నడిపాను. పెళ్లిళ్లు, నాటకాలు, తిరునాళ్లు, ప్రభల ముందు డ్యాన్సులు, అన్నీ చేశాం. మీ నాటకం నేను తీసింది కాదు గానీ ఎలా తీసి ఉంటారో నాకు తెలుసు.

ముందు కోడెక్ సంగతి చెప్తాను, లేకపోతే మళ్లీ నాలుగో ప్యాక్ ఎక్కిస్తారు.

మీరు పొగాకు రైతు కాబట్టి మీ భాషలోనే చెప్తాను. వేలం కేంద్రంలో బేలు గోనె చూసి లోపల ఆకు ఏ గ్రేడో చెప్పలేం. విప్పి చూడాలి. వీడియో ఫైలు కూడా అంతే. ఎంపీ4, ఎమ్‌కేవీ, ఏవీఐ, ఎమ్‌ఓవీ, మీ డీఏటీ, ఇవన్నీ గోనెలు. లోపల బొమ్మ ఒక పద్ధతిలో, శబ్దం ఇంకో పద్ధతిలో కుదించి ఉంటాయి. ఆ కుదించి విప్పే పద్ధతే కోడెక్. అందుకే ఒక ఎంపీ4 ఆడుతుంది, పక్కనే ఇంకో ఎంపీ4 ఆడదు. బొమ్మ వచ్చి శబ్దం రాకపోతే శబ్దం కోడెక్ లేదని, శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉంటే బొమ్మ కోడెక్ లేదని మొదటి అనుమానం.

విప్పి చూడటం ఎట్లాగంటారా? వీఎల్‌సీలో వీడియో ఆడుతుండగా కంట్రోల్, జె కలిపి నొక్కండి. ఒక కిటికీ తెరుచుకుని బొమ్మది ఏ కోడెక్, శబ్దానిది ఏ కోడెక్, అందులో ఎన్ని చానళ్లు, అంటే ఎన్ని విడి పాయలు, అన్నీ చూపిస్తుంది. ఎవరిని సాయం అడిగినా ముందు అది ఫోటో తీసి పెట్టండి. సగం పని అయిపోతుంది.

మీ సీడీలో ఏముంటుందో చూడకుండానే చెప్పగలను. వీసీడీకి 1993లో కట్టిన లెక్క అది, మన దగ్గర ఎవరు కొట్టినా అంతే. బొమ్మ ఎంపెగ్-1, 352 బై 288, సెకనుకు 25 ఫ్రేములు. శబ్దం ఎంపెగ్ లేయర్ 2, 224 కిలోబిట్లు, స్టీరియో, అంటే ఎడమ, కుడి రెండు చానళ్లు. ఒక్కో సీడీకి గంటా పావు పైచిలుకు పడుతుంది, అందుకే మీకు మూడొచ్చాయి. ఎంపెగ్-1 విప్పడం విండోస్‌కు ఎప్పటి నుంచో వచ్చు. డీఏటీ అనే పేరు చూసి గుర్తుపట్టలేదు, అంతే. అంటే ఈ సీడీలకు కోడెక్ ప్యాక్ అవసరమే లేదు. ఫైలును హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని చివర పేరు ఎంపీజీ అని మార్చినా చాలాసార్లు ఆడేస్తుంది.

మూడు ప్యాక్‌లు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఎందుకు చెడిందో చెప్తాను. విండోస్‌లో ఏ ఫైలును ఎవరు విప్పాలో ఒక వరస ఉంటుంది. ప్రతి ప్యాకూ వచ్చి తనను ముందు నిలబెట్టుకుంటుంది. ఒకే పద్యానికి ముగ్గురు హార్మోనిస్టులు మూడు శ్రుతుల్లో కూర్చుంటే మీ నాయన ఎవరిని పట్టుకుని ఎత్తుకోవాలి? ఫోల్డర్ తెరిస్తే బిగుసుకుపోయేది కూడా అందుకే. ప్రతి వీడియోకూ చిన్న బొమ్మ తయారు చేసి చూపించడానికి విండోస్ ఆ ప్యాక్‌లనే పిలుస్తుంది. దర్శి తమ్ముడు చెప్పినట్టు అన్నీ తీసేయండి. వీఎల్‌సీ తన సరుకు తానే తెచ్చుకుంటుంది, విండోస్‌లో ఉన్న కోడెక్‌ల జోలికి పోదు. అది ఉంటే మీకు వేరే ప్యాక్ దండగ.

ఇక పద్యం. నేను చెప్పేది ఒక్క పని, ఇది చేసి వచ్చి చెప్పండి. స్పీకర్ల పిన్ను పీకి, మీ ఫోన్ ఇయర్‌ఫోన్స్ కంప్యూటర్‌కు పెట్టండి. ఎడమ చెవిలో ఏం వస్తోంది, కుడి చెవిలో ఏం వస్తోంది, విడివిడిగా వినండి. పిన్ను చివరిదాకా వెళ్లాలి. సగం దూరితే రెండు పక్కలా సమానంగా ఉన్న శబ్దం, అంటే ముఖ్యంగా గొంతు, ఒకదాన్నొకటి కొట్టేసుకుని మాయమవుతుంది. ఆ అవకాశం కూడా చూసుకోవాలి.

ఇంకో ప్రశ్న. అప్పటి మీ టీవీకి వెనక పసుపు, తెలుపు రెండే రంధ్రాలా, ఎరుపు కూడా ఉండేదా?

వేదాయపాళెం అమ్మమ్మ:

అబ్బాయ్, నాది నెల్లూరు. మా ఇంట్లో కూడా అచ్చం ఇదే అయింది కాబట్టి రాస్తున్నాను. మా అబ్బాయి హార్డ్ డిస్క్‌లో సినిమాలు పెట్టి ఇచ్చిపోయాడు. పాటలు, ఫైటింగులు చెవులు చిల్లులు పడేట్టు వస్తాయి, మాటలు మాత్రం వినపడవు. నేను చెవుడేమో అనుకుని డాక్టర్ దగ్గరికి కూడా పోయి వచ్చాను. చివరికి తేలిందేమంటే, విండోస్‌లో స్పీకర్లు 5.1 అని, అంటే ఆరు స్పీకర్లు ఉన్నట్టు, పెట్టి ఉన్నాయి. నాకున్నవి రెండే. సినిమాల్లో మాటలు మధ్య స్పీకర్‌కు పోతాయట, ఆ మధ్య స్పీకరే లేకపాయె. సౌండ్ సెట్టింగ్స్‌లో ప్లేబ్యాక్, అందులో స్పీకర్స్, కాన్ఫిగర్ నొక్కి స్టీరియో అని మార్చగానే మాటలు వచ్చేశాయి. నువ్వూ అదొకసారి చూడు నాయనా. మీ నాయన పద్యం వినపడితే మాకూ చెప్పు, మా అన్న కూడా నాటకాల మనిషే.

ఒంగోలు పాత మిక్సింగ్ యూనిట్:

అమ్మా, మీరు చెప్పింది సినిమాల విషయంలో నూటికి నూరు పాళ్లు నిజం. ఆరు చానళ్ల శబ్దం ఉన్న ఏ ఫైలుకైనా మొదట చూడాల్సింది అదే. ఈ వీసీడీలో మాత్రం రెండే చానళ్లు ఉంటాయి, మధ్య చానల్ అనేదే లేదు. కాబట్టి తమ్ముడి దగ్గర కారణం వేరే ఉండాలి. అయినా ఆ సెట్టింగ్ స్టీరియోలో ఉందో లేదో చూసుకోవడం మంచిదే.

కందుకూరు పొగాకు రైతు:

అన్నా, మీరు దేవుడల్లే దొరికారు.

రాత్రి ఎనిమిదింటికి మూడు ప్యాక్‌లూ తీసేశాను. కొత్త వీఎల్‌సీ ఎక్కించాను. ఫోల్డర్ ఇప్పుడు వెంటనే తెరుచుకుంటోంది, పచ్చదనం కూడా పోయింది. కంట్రోల్ జె నొక్కితే మీరు చెప్పిన అంకెలే, 352, 288, 25, 224, అన్నీ వరసగా కనపడ్డాయి. వేదాయపాళెం అమ్మ చెప్పింది కూడా చూశాను, నా దగ్గర స్టీరియో అనే ఉంది.

తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టాను. పిన్ను చివరిదాకా నొక్కాను. కుడి చెవిలో హార్మోనియం, తబలా. ఎడమ చెవిలో పద్యం. నిండుగా, నాకు గుర్తున్నట్టే, గంట కొట్టినట్టు. నాయన మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు, నిద్రపోలేదు. ఏమీ చెప్పకుండా ఎడమ చెవిది తీసి ఆయన చెవిలో పెట్టాను. వైరు పొట్టిది, అందుకని కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని నేను కుడి చెవిదానితో వంగి కూర్చున్నాను. ఆయనకు పద్యం, నాకు హార్మోనియం. పద్యం అయిపోయిందని ఆయన వేళ్లు ఆగడం చూసి తెలిసింది నాకు. మంచం పట్టె మీద తాళం వేస్తున్నాడు.

పొద్దున్నే స్పీకర్లు చూశాను. ఎడమది అసలు పలకడం లేదు. కుడి స్పీకర్ నుంచి దానికి వెళ్లే వైరును బల్ల వెనక ఎలుక కొరికింది, రాగి తీగ బయటికి కనపడుతోంది. యూట్యూబ్ చూసేటప్పుడు తేడా తెలియలేదు, ఎందుకో అర్థం కాలేదు.

టీవీ పోయింది గానీ దాని వైరు సంచిలో దొరికింది. మూడు పిన్నులు. టీవీ వైపు పసుపు, తెలుపు పిన్నులు నల్లబడి ఉన్నాయి, ఎర్ర పిన్ను మాత్రం కొన్న రోజున ఉన్నట్టే తళతళలాడుతోంది. అంటే దాన్ని ఎప్పుడూ టీవీకి పెట్టలేదన్నమాట. ఇది మీకు పనికొస్తుందా?

ఒంగోలు పాత మిక్సింగ్ యూనిట్:

పనికి రావడం కాదు తమ్ముడూ, కథంతా ఆ ఎర్ర పిన్నులోనే ఉంది.

తెలుపు ఎడమ చానల్, ఎరుపు కుడి చానల్. మీ పాత టీవీకి ఒకటే స్పీకర్, ఒకటే రంధ్రం. కాబట్టి ఇరవై ఏళ్ల కిందట మీ ఊరంతా విన్నది ఎడమ చానల్ ఒక్కటే. ఇప్పుడు ఎలుక కొరికిన స్పీకర్ కూడా ఎడమదే. అప్పుడు విన్న సగం ఇప్పుడు పోయింది, అప్పుడు వినని సగం ఇప్పుడు వచ్చింది.

అలా రెండు పక్కలా వేర్వేరుగా ఎందుకు ఎక్కించారంటే, నాటకం తీసేటప్పుడు మేమూ అంతే చేసేవాళ్లం. మైకుసెట్టు యాంప్లిఫైయర్ నుంచి ఒక లైను తెచ్చి కెమెరా ఎడమ చానల్‌కు ఇచ్చేవాళ్లం, అందులో నటుల గొంతు శుభ్రంగా ఉంటుంది. హార్మోనియం, తబలాల ముందు ఇంకో మైకు పెట్టి కుడి చానల్‌కు ఇచ్చేవాళ్లం. ముందే కలిపేస్తే హార్మోనియం పద్యాన్ని మింగేస్తుంది, తర్వాత విడదీయలేం. తీరిగ్గా మిక్సింగ్‌లో ఎంత కావాలంటే అంత కలుపుకోవచ్చని. మీవి కలపకుండానే సీడీ కొట్టారు. అదే ఇప్పుడు మీ అదృష్టం, రెండూ విడివిడిగా దొరికాయి.

యూట్యూబ్‌లో ఎందుకు తెలియలేదంటారా? ఆ వీడియోల్లో మనిషి గొంతు సాధారణంగా రెండు చానళ్లలోనూ సమానంగా ఉంటుంది. ఒక స్పీకర్ చచ్చినా రెండోది చెప్పేస్తుంది.

ఇప్పటికిప్పుడు వినాలంటే, వీఎల్‌సీలో ఆడియో మెనూ, స్టీరియో మోడ్, లెఫ్ట్ ఎంచుకోండి. ఎడమ చానల్ రెండు స్పీకర్లకూ వస్తుంది. రెండూ కలిపి కావాలంటే మోనో. నాయన ఒక చెవితోనే వింటారనుకుంటే ఎప్పుడూ మోనోనే పెట్టండి, ఏదీ తప్పిపోదు. ఆ వైరును అతికించి టేపు చుట్టండి, పది నిమిషాల పని.

శాశ్వతంగా చేయాలంటే ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాం దించుకోండి. వీఎల్‌సీలోనే మీడియా, కన్వర్ట్‌కు వెళ్లి శబ్దాన్ని వేవ్ ఫైలుగా విడిగా తీసుకుని ఆడాసిటీలో తెరవండి. ట్రాక్ పేరు మీద నొక్కితే స్ప్లిట్ స్టీరియో టు మోనో అని ఉంటుంది. రెండు ట్రాకులు విడిపోతాయి. పద్యం ఉన్నదాన్ని అలాగే ఉంచి, హార్మోనియాన్ని పది డెసిబెల్స్ తగ్గించి వినండి. అక్కడి నుంచి మీ చెవిని బట్టి. ఒక్క మాట మాత్రం మరిచిపోకండి. అసలు డీఏటీ ఫైళ్లను ముట్టుకోవద్దు. రెండు చోట్ల కాపీ పెట్టుకుని, పని అంతా ఇంకో కాపీ మీద చేయండి. మేం టేపులను తుడిచి మళ్లీ వాడుకున్న రోజులు తలచుకుంటే నాకిప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఎన్ని ఊళ్ల నాటకాలు అట్లా పోయాయో.

ఇక అన్నప్రాసన వీడియో. అది హెచ్‌ఈవీసీ అనే కోడెక్‌లో తీసింది. 2017 నుంచి ఐఫోన్లు జాగా మిగులుతుందని మామూలుగా ఆ పద్ధతిలోనే తీస్తాయి. మీ ప్రాసెసర్ 2011 నాటిది, ఆ కోడెక్ ప్రమాణంగా వచ్చింది 2013లో. అంటే దాన్ని విప్పే ఏర్పాటు మీ చిప్‌లో ఉండే అవకాశమే లేదు. ఇంటెల్‌లో ఆరో తరం నుంచి ఆ పని చిప్పే చేస్తుంది. మీ దగ్గర ప్రాసెసర్ లెక్కలు కట్టుకుంటూ విప్పాలి, 4కే వీడియో అయితే అందుకోలేదు. బొమ్మ వెనకబడి మాటలు ముందుకు పోయేది అందుకే. డబ్బు కట్టి కోడెక్ కొంటే నల్లదనం పోతుంది గానీ ఆగి ఆగి ఆడటం పోదు. కొనొద్దు. కొత్త కంప్యూటరూ అక్కర్లేదు.

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రాంలో ఆ ఫైలు వేసి, ఫాస్ట్ 1080పీ30 అనే ప్రీసెట్ పెట్టి, రాత్రి స్టార్ట్ నొక్కి పడుకోండి. తెల్లారేసరికి హెచ్.264లో ఎంపీ4 వస్తుంది, అది మీ పాత చిప్‌కు బాగా తెలిసిన పద్ధతి, హాయిగా ఆడుతుంది. ఇకముందు తీసేవాటికి అబ్బాయిని ఫోన్‌లో సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌కు వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ అని పెట్టమనండి.

దర్శి కుర్రాడు:

అన్నా, వీఎల్‌సీలో మాటలు కొంచెం ముందూ వెనకా అయితే జె, కె అక్షరాలు నొక్కి సరిచేసుకోవచ్చు. ఒక్కో నొక్కుకు 50 మిల్లీసెకన్లు జరుగుతుంది. కానీ ఇది మొదటి నుంచి చివరిదాకా ఒకేలా తేడా ఉన్నవాటికే. మీ ఐఫోన్ వీడియోలాగా పోనుపోనూ పెరిగే తేడాకు పనికిరాదు, దానికి హ్యాండ్‌బ్రేకే దారి.

కందుకూరు పొగాకు రైతు:

ఆలస్యంగా రాస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. వారం రోజులు శనగ నూర్పిడి.

అన్నప్రాసన వీడియో అయిపోయింది. రాత్రి పదింటికి పెట్టాను, ఎప్పుడు పూర్తయిందో తెలియదు గానీ పొద్దున లేచేసరికి సిద్ధంగా ఉంది. ఎక్కడా ఆగడం లేదు. బాబు ముందు పెట్టిన వాటిలో వాడు పెన్ను పట్టుకున్నాడని మాకు ఇప్పుడు తెలిసింది, ఇదివరకు ఆ చోట బొమ్మ బిగుసుకుపోయేది.

సీడీల్లో ఒకటి, రెండు బాగా కాపీ అయ్యాయి. మూడోది మధ్యలో ఆగిపోయి ఎర్రర్ వచ్చింది. దాని మీద వేలి ముద్రలు, సన్నటి గీతలు ఉన్నాయి. దాన్నేం చేయాలి అన్నా? చివరి పద్యాలన్నీ అందులోనే ఉన్నాయి.

ఒంగోలు పాత మిక్సింగ్ యూనిట్:

కంగారు పడొద్దు. మెత్తటి నూలు గుడ్డ కొంచెం తడిపి, మధ్య రంధ్రం దగ్గర నుంచి అంచు వైపుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా తుడవొద్దు. డేటా గుండ్రంగా రాసి ఉంటుంది, గుండ్రంగా గీత పడితే వరసగా చాలా పోతుంది, అడ్డంగా పడితే కొంచెమే పోతుంది. వీసీడీలో ఇంకో బలహీనత ఉంది. మామూలు డేటా సీడీలో తప్పులు సరిచేయడానికి అదనంగా ఒక వరస ఉంటుంది. వీసీడీలో ఆ చోటు కూడా బొమ్మకే వాడేశారు. అందుకే ఒకే సీడీ మీద ఎక్కువసేపు పట్టింది, అందుకే విండోస్ కాపీ కొంచెం తేడా రాగానే చేతులెత్తేస్తుంది. తుడిచాక వేరే కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి చూడండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదువుతుంది, నేను ఎన్నోసార్లు చూశాను. అదీ కాకపోతే ఐసోబస్టర్ అనే ప్రోగ్రాం ఉంది. చెడిన చోటు వదిలేసి మిగతాది తీసుకుంటుంది.

కందుకూరు పొగాకు రైతు:

పొన్నలూరులో మా బావమరిది దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంటే అక్కడికి తీసుకెళ్లాను. మీరు చెప్పినట్టే తుడిచాం. చదివింది. ఒక చోట మాత్రం నాలుగైదు సెకన్లు బొమ్మ గళ్లు పడుతుంది, పద్యం పోలేదు. మూడిటినీ రెండు పెన్ డ్రైవ్‌లలో పెట్టాను, ఒకటి పాప దగ్గర ఉంది.

స్పీకర్ వైరు అతికించాను. ఆడాసిటీలో మీరు చెప్పినట్టే విడదీసి, హార్మోనియాన్ని పది డెసిబెల్స్ తగ్గించి నాయనకు వినిపించాను. పద్యం చాలా బాగా వచ్చింది. నాకైతే తృప్తిగా అనిపించింది. నాయన మాత్రం చెయ్యి ఊపి ఆపమన్నాడు. "హార్మోనియం అంత కింద పెట్టావేందిరా? ఆయన ముందు శ్రుతి ఇస్తేనే గదా నేను ఎత్తుకుంది" అన్నాడు. ఆ హార్మోనిస్టు చనిపోయి తొమ్మిదేళ్లయింది. అప్పట్లో టీవీలో చూసినప్పుడు ఆయన వాయించింది ఎవరికీ సరిగ్గా వినపడలేదు, తెలుపు పిన్ను ఒక్కటే పెట్టాం కదా.

తగ్గించింది నాలుగు డెసిబెల్స్‌కు మార్చాను. నాయన మళ్లీ విని, ఇప్పుడు సరిపోయిందన్నాడు. మూడు సీడీలూ అదే లెక్కన చేస్తున్నాను అన్నా. మొదటిది అయింది. హార్మోనిస్టు కొడుకు సింగరాయకొండలో ఉంటాడని తెలిసింది, ఆదివారం ఒక కాపీ ఆయనకు ఇచ్చి వస్తాను.